వాసన లేని అమ్మ

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ముక్కక్క అని పిలిచేవాళ్ళు. చూడ్డానికి మామూలు ముక్కే. కానీ ఉతికి ఆరబెట్టిన దుప్పట్లు, గలీబులు, డాక్టర్ల గౌన్లు అన్నీ మడతబల్ల మీదికి పోవాలంటే ముందు ఆ ముక్కును దాటాల్సిందే. గుడ్డను ముఖానికి ఆనించుకుని మూడుసార్లు పీల్చేది. ఏ వాసనా లేకపోతే బల్ల మీదికి, ఏమాత్రం తగిలినా మళ్ళీ డ్రమ్ములోకి. "ఉతికిన గుడ్డకు వాసనుందంటే అందులో మురికైనా మిగిలుండాలి, సబ్బైనా మిగిలుండాలి" అనేది. పదకొండేళ్ళుగా సూపర్‌వైజరు కూడా ఆ మాటకు ఎదురు చెప్పలేదు.

పది గుడ్డలు చూసేసరికి ఎంతటి ముక్కైనా మొద్దుబారుతుంది. అప్పుడామె తన మోచేతి మడతలో ముక్కు పెట్టి ఒక్కసారి గాలి పీల్చుకునేది. ఎవరి ఒంటి వాసన వాళ్ళ ముక్కుకు తెలియదు. అందుకని అక్కడ పీలిస్తే ముక్కు తుడిచిన పలకలా అయిపోతుంది. ఈ కిటుకు ఆమెకు అంతకు ముందు పనిచేసిన పెద్దావిడ నేర్పింది.

ఇలాంటి మనిషికి సెంటంటే పడదని వేరే చెప్పాలా? బస్సులో ఎవరైనా గుప్పున కొట్టుకొచ్చి పక్కన కూర్చుంటే, దిగాల్సిన చోటుకు రెండు స్టాపుల ముందే దిగి నడిచేది. కణతలు పట్టేసేవి, కళ్ళవెంట నీళ్ళు కారేవి. పెళ్ళైన కొత్తలో మొగుడు ముచ్చటపడి ఒక సెంటు సీసా తెస్తే, సీసాను కిటికీ బయటా మొగుణ్ణి స్నానాలగదిలోనూ పెట్టింది. ఆ తర్వాత ఆయన లారీ మీద ఎన్ని ఊళ్ళు తిరిగినా, పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేటప్పుడు బుద్ధిగా మంచినీళ్ళతో కడుక్కునే వచ్చేవాడు.

దేవుడికి కూడా సరదాలుంటాయి కాబోలు, ఆమె నెత్తిమీద తెచ్చి ఒక దర్జీ ఆవిణ్ణి పెట్టాడు.

దర్జీ ఆవిడ పైవాటాలో ఉండేది. యాభై దాటిన ఒంటరి మనిషి. నవ్వు మొహం. నడుము దగ్గర పిన్నీసుకు దారాలు కత్తిరించే బుల్లి కత్తెర ఎప్పుడూ వేలాడుతుండేది. అంతా బాగానే ఉంది గానీ, ఆవిడకు వాసనల పిచ్చి. బట్టలు జాడించేటప్పుడు ఊదారంగు సీసాలోంచి సెంటునీళ్ళు మూత నిండా పోసేది, చాలదన్నట్టు ఇంకో మూత పోసేది. పంచదార పాకంలో ప్లాస్టిక్ పువ్వులు ఉడకబెట్టినట్టుండేది ఆ వాసన. తీగ మీద ఆవిడ చీర ఆరేస్తే కింద ముక్కక్కకు తలనొప్పి మొదలయ్యేది.

అయినా సర్దుకుపోక తప్పలేదు, ఎందుకంటే ముక్కక్క పొద్దున ఆరింటికే డ్యూటీకి పోతే ఐదేళ్ళ కూతుర్ని చూసుకునేది ఆవిడే. పిల్ల పేరు రేషన్ కార్డులోనే ఉండేది, ఇంట్లో మాత్రం పిచ్చుక. దర్జీ ఆవిడ లేచి మెట్లు దిగేది కాదు. గజంబద్దతో నేలమీద మూడుసార్లు కొట్టేది. టక్, టక్, టక్. అంతే, కింద పిచ్చుక చెప్పులు కూడా వేసుకోకుండా "మేడత్త పిలుస్తోంది!" అంటూ ఎగిరిపోయేది.

సాయంత్రం దిగొచ్చే పిల్ల తల నుంచి కాళ్ళ దాకా ఆ సెంటునీళ్ళ వాసనే. గుమ్మంలోనే ఫ్రాకు విప్పించి, నీళ్ళు పోసి, వాసన లేని గౌను తొడిగితేగానీ ముక్కక్క దగ్గరికి తీసుకునేది కాదు. పిల్ల మొహం ముడుచుకునేది. పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకునేది తల్లి. ఒకరాత్రి నిద్రలో పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, వాసన చూసి, ఏమీ దొరక్క మూలిగింది. "మేడత్త కావాలి" అంది కళ్ళు తెరవకుండానే.

ఆ రాత్రి ముక్కక్క కడుపులో రేగిన మంటకు ఏ మందూ లేదు. కన్నది తను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిరిలో ఉడికి పెంచుతున్నది తను. పిల్ల కలవరించేది మాత్రం రెండు మూతల సెంటునీళ్ళను!

మర్నాడే మెట్లెక్కి చెప్పేసింది. "వదినా, రేపట్నుంచి పిల్లను పంపను. క్రెష్‌లో వేస్తున్నా."

దర్జీ ఆవిడ మిషను ఆపింది. "నేనేం చేశాను మరదలా?"

"మీ సెంటునీళ్ళు పిల్లకు పడట్లేదు. తలనొప్పంటోంది."

"తలనొప్పి పిల్లకా, నీకా?" అని ఆవిడ నవ్వేసింది. తర్వాత నవ్వు ఆపి, "పోనీ ఆ నీళ్ళు మానేస్తాలే. పిల్లను మాత్రం ఆపకు. నాకు మాత్రం ఎవరున్నారు?" అంది.

మానేస్తానన్నది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ ముక్కక్కకు కావాల్సింది వాసన పోవడం కాదాయె. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, "నాకేం అసూయా?" అని ఎవరూ అడగని ప్రశ్న తనే వేసి, విసవిసా దిగొచ్చేసింది.

తర్వాత పదిరోజులకు వానలు పట్టుకున్నాయి. పైనుంచి వాసన రాకుండా ఆమె గోడపైనున్న గాలికంతలో తడిగుడ్డ కుక్కింది. ఆ మర్నాడు సాయంత్రం పైన గజంబద్ద చప్పుడైంది. టక్, టక్, టక్. పిచ్చుక చెవులు రిక్కించింది. పిల్లను మళ్ళీ మరిగించుకోవాలని చూస్తోంది ఈ ముసల్ది, అనుకుంది ముక్కక్క. బ్యాటరీ రేడియో సౌండు పెంచింది. కాసేపటికి మళ్ళీ మూడు దెబ్బలు. ఇంకాస్త పెంచింది. రెండోరోజు చప్పుడు మెల్లగా, మధ్యమధ్య ఆగి ఆగి వచ్చింది. మూడోరోజు రాలేదు.

నాలుగోరోజు ఇంటి ఓనరు తలుపు పగలగొట్టించాడు. జ్వరం. గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కులేక కుర్చీలోనే పోయింది. ఆ సెంటునీళ్ళ వాసన మిగతా వాసనను కప్పేయడంతో ఎవరికీ తెలియలేదన్నారు. కింద ఎలాంటి ముక్కు కాపురముందో వీధంతా ఎరుగును. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ. ఆ మూడు దెబ్బల సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

నెల తిరక్కుండానే పిచ్చుక బట్టలకు ఆ వాసన రావడం మొదలైంది.

క్రెష్‌లో ఆయా అంది, "మీ పాపను ఎత్తుకుంటే దించబుద్ధి కాదండీ, ఏం వేసి ఉతుకుతారు?" ముక్కక్క ఫ్రాకును ముఖానికి ఆనించుకుంది. పంచదార పాకం. ప్లాస్టిక్ పువ్వులు. ఇంటికి తెచ్చి ఉతికింది, వేడినీళ్ళలో ఉడికించింది, లాండ్రీకి పట్టుకెళ్ళి పెద్ద డ్రమ్ములో వేసింది. అక్కడ మూడు పీల్పులకూ ఏమీ తగల్లేదు. ఒక్కరాత్రి బీరువాలో ఉన్నాక మళ్ళీ గుప్పుమంది. పిల్ల తలలోనూ అదే, మెడ వంపులోనూ అదే... ఎవరో ఇప్పుడే కౌగిలించుకుని దించినట్టు.

భయపడాల్సిన చోట ఆమెకు ఒళ్ళు మండింది. చచ్చి కూడా నా పిల్లను వదలవా?

ఆ సాయంత్రం ఆరున్నర అయి ఉంటుంది. వాన ఎడతెగకుండా కురుస్తోంది. కరెంటు పోయింది. ముక్కక్క స్నానాలగదిలో కొవ్వొత్తి పెట్టుకుని, అదే ఫ్రాకును మూడోసారి జాడిస్తోంది. ముందుగదిలో పిచ్చుక తనలో తను ఏదో పాడుకుంటోంది. తడి గోడల వాసన, మసి వాసన, బట్టలసబ్బు వాసన...

టక్. టక్. టక్.

పాట ఆగిపోయింది.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చేసరికి ముందుగది ఖాళీ. వీధితలుపు బార్లా తెరిచి ఉంది. గడప దగ్గర పిల్ల చెప్పులు. ఎంత కంగారులోనైనా అలవాటు అలవాటే. తలుపు లాగి తాళం వేసి, ఆ ఇంటికున్న ఒక్కగానొక్క తాళంచెవిని నడుము దగ్గర పిన్నీసుకు గుచ్చుకుని, మెట్లెక్కింది.

పైవాటా తలుపు ఓరగా ఉంది. కొత్తవాళ్ళెవరూ దిగలేదు. ఓనరు సామాను చాలావరకు తీయించేశాడు. కుట్టుమిషను, కుర్చీ, గోడకు ఆనించిన గజంబద్ద, కిటికీ గట్టు మీద ఊదారంగు సీసా... అవే మిగిలాయి. వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. లోపలికి అడుగు పెట్టగానే ముఖం మీద తడిగుడ్డ వేసినట్టు తగిలింది. కణతలు పట్టేశాయి.

పిచ్చుక కుర్చీలో ఉంది. కూర్చున్న తీరు మామూలుగా లేదు. కుర్చీ అంచున కూర్చుని వెనక్కి వాలి ఉంది. పిల్ల వీపు వెనక జానెడు ఖాళీ. దేనికో ఆనుకున్నట్టు తల పక్కకు వాల్చింది... ఆ తల పైకీ కిందికీ కదులుతోంది. ఊపిరికి కదిలే గుండె మీద ఉన్నట్టు.

"పిచ్చుకా... రా అమ్మా" అంది గుసగుసగా.

"ఊహూఁ."

"రా తల్లీ, కిందికి పోదాం."

"నువ్వొద్దు. నీ దగ్గర ఏ వాసనా ఉండదు."

ఇంకెవరైనా అయితే పిల్లను లాక్కుని పరిగెత్తేవాళ్ళు. ముక్కక్క కూడా పరిగెత్తాల్సిందే. కానీ ఆ మాటతో భయం వెనక్కి పోయి, కడుపుమంట ముందుకొచ్చింది. వాసనే కావాలా నీకు? వాసనకే అమ్మవుతారా? కిటికీ దగ్గరికి నడిచింది. సీసా సగం ఉంది. మూత తీసింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. మెడ మీద పోసుకుంది. చేతుల మీద, జుట్టు మీద, చీర కుచ్చిళ్ళ మీద... చుక్క మిగల్చకుండా పోసుకుంది.

పిచ్చుక తలెత్తి చూసింది. పిల్ల మొహం విచ్చుకుంది. కుర్చీలోంచి దూకి వచ్చి రెండు చేతులూ చాపింది.

ముక్కక్క ఆ కుర్చీలోనే కూలబడి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఎన్నాళ్ళయిందో పిల్ల ఇలా అతుక్కుని! మెడలో మొహం దాచుకుని పీలుస్తోంది. గెలిచాను, అనుకుంది ముక్కక్క. చీకట్లో ఎవరున్నా వినాలని, "ఇది నా బిడ్డ" అని మెల్లగా అంది కూడా.

గది ఖాళీగా ఉంది. వాసన కూడా తగ్గిపోయింది. ఇంకా తగ్గింది... తలనొప్పి పోయింది. ఇంత సెంటునీళ్ళు ఒంటి మీద ఉండగా తలనొప్పి పోవడమేమిటి?

పదకొండేళ్ళ అలవాటు. మోచేతి మడతలో ముక్కు పెట్టి పీల్చింది.

ఏమీ లేదు.

మళ్ళీ పీల్చింది. చేయి ఇంకా తడిగా, జిగటగా ఉంది. అయినా ఏ వాసనా తగల్లేదు. సొంత ఒళ్ళు తగలనట్టు.

అప్పుడు నేల పగుళ్ళలోంచి, కిందినుంచి, ఒక వాసన పైకి వచ్చింది. పసుపచ్చ బట్టలసబ్బు, ఆవిరి, ఇస్త్రీ వేడి, కాస్త చెమట. ఎరిగినట్టే ఉంది గానీ పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూసిన వాసన కాదు.

కింద తాళం తీసిన చప్పుడైంది.

పిచ్చుక తలెత్తింది. చెవులు రిక్కించి నవ్వింది.

"అమ్మ వచ్చేసింది. నేనెళ్తా మేడత్తా."

"నేను..." అనబోయింది. గొంతు పిడచకట్టుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎప్పుడు మొదలైందో ఈ జ్వరం. చేతుల్లో పట్టు లేదు. పిల్ల సులువుగా జారి దిగిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, "రేపు మళ్ళీ కొట్టు, వస్తా" అని గుసగుసగా చెప్పి, మెట్ల మీద టపటపా దిగింది.

లేవాలని చూసింది. కాళ్ళు రాలేదు. వేళ్ళు నడుము దగ్గర పిన్నీసు కోసం వెతికాయి. తాళంచెవి... తాళంచెవి ఉండాలి. చల్లగా, సన్నగా, రెండు మొనలతో ఏదో తగిలింది. బుల్లి కత్తెర.

కిందినుంచి ఒక ఆడగొంతు విసుగ్గా వినిపించింది. "మళ్ళీ పైకెళ్ళావా? ఎంత చెప్పినా వినవా? ఆ వాసన చూడు, రా, ముందు ఫ్రాకు విప్పు." ఆ గొంతులోని కడుపుమంట ఎలాంటిదో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నోరు ఎండిపోతోంది. గుక్కెడు నీళ్ళు... చేయి చాపితే గజంబద్ద అందింది. ఉన్న బలమంతా పెట్టి నేలమీద కొట్టింది.

టక్.

టక్...

టక్.

కింద రేడియో సౌండు పెరిగింది.