నలభై నిమిషాల మోత

పొద్దున్నే రంగమ్మ కల్లాపి చల్లుదామని బకెట్ వాకిట్లో పెడితే, అందులో నీళ్ళు వాటంతటవే వణికాయి. దొడ్డి పక్కనున్న రేకుల గదిలో కూతురు నాగజ్యోతి అప్పుడే స్పీకర్లు పెట్టేసింది. డబ్, డబ్, డబ్. ఈ మధ్య తర్లుపాడులో కోళ్ళు కూడా కూత మానేసి ఆ మోతకే నిద్ర లేస్తున్నాయని ఊళ్ళో నవ్వుకుంటున్నారు.

"ఒసేయ్ జ్యోతీ, పొయ్యి మీద పాలు గూడా ఎగరతుండయ్యే! కాస్త తగ్గించు!"

"ఈ ఒక్క రోజే అమ్మా! రేపు పొద్దునకల్లా పంపియ్యాల!"

హైదరాబాదులో చదువుకున్న జ్యోతి కంప్యూటర్ మీద మ్యూజిక్ కట్టడం నేర్చుకుంది. ఒక బూట్ల కంపెనీ వాళ్ళు ఆమె చేసిన ముక్కేదో విని పిలిచి పని అప్పగించారు. వాళ్ళ కొత్త బూట్లు వేసుకుని పరిగెత్తేవాళ్ళ కోసం నలభై నిమిషాలు ఆగకుండా సాగే డాన్సు మ్యూజిక్ కావాలి. వింటుంటే కాళ్ళు ఆగకూడదు. ఆ పని పట్టుకుని నెల కిందట ఇంటికొచ్చింది.

వచ్చిన మొదటి వారమే ఆమెకు నాయన పిలుపు దొరికింది. గొర్రెలను నీళ్ళకు పిలిచేటప్పుడు గురవయ్య గొంతెత్తి "హోయ్‌ర్రో... బ్బా... బ్బా" అంటాడు. ఎంత దూరంలో మేస్తున్నా అవి తలెత్తి ఉరికొస్తాయి. కూతురు మైకు పట్టుకుంటే గురవయ్య మురిసిపోయి, మీసం దువ్వుకుని మరీ పిలిచాడు. కంపెనీ వాళ్ళు విని ఒళ్ళు జలదరించిందన్నారు. ఆ గొంతే పాటకు ప్రాణం, దాని మీదే మొత్తం నడిపించమన్నారు. జ్యోతి ఆ పిలుపును ముక్కలు చేసింది, అతికించింది, తిప్పి తిప్పి దరువులో వేసింది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ గదిలోంచి గురవయ్య గొంతు పిలుస్తూనే ఉంది.

గేటు తోసుకుంటూ రంగమ్మ తమ్ముడు యల్లయ్య వచ్చాడు. టీ టైముకు సరిగ్గా రావడంలో ఆయన్ను మించినవాడు లేడు.

"ఏం కోడలా, ఇంకా కాలేదా? మా బోరు మోటారు గూడా ఇట్లనే కొట్టుకుంటాది. దానికి ఏ కంపెనోడూ ఒక్క చెప్పన్నా ఇయ్యలేదు!"

"నీకు మ్యూజిక్ తెలీదులే మామా."

"నెల నుంచి వింటనే ఉండా గదా! ఇప్పుడు మీ అత్త తిట్టినా తాళంలోనే వినపడతాంది."

గురవయ్య టీ గ్లాసు పట్టుకుని దొడ్డి మధ్యలో నిలబడ్డాడు. చుట్టూ గొర్రెలు పడుకుని నెమరు వేస్తున్నాయి. యల్లయ్యకు కళ్ళు మెరిశాయి.

"కోడలా, మీ నాయన పిలుపొక్కటీ గట్టిగా పెట్టు. అన్నీ ఒక్కసారి లేచి బావను టీతో సహా బోర్లా పడేస్తయ్, చూద్దువు."

జ్యోతి నవ్వుతూ నొక్కింది. స్పీకర్లోంచి గురవయ్య గొంతు దొడ్డంతా మారుమోగింది.

ఒక్క గొర్రె లేవలేదు. ఒక్క చెవి కదల్లేదు.

"బావోయ్!" యల్లయ్య పొట్ట పట్టుకున్నాడు. "నీ గొర్రెలు నీకు విడాకులిచ్చినయ్!"

అందరూ నవ్వారు. గురవయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే గ్లాసు గోడ మీద పెట్టి, తన సొంత గొంతుతో పిలిచాడు. "హోయ్‌ర్రో... బ్బా... బ్బా."

ముందు నడిచే పెద్ద పొట్టేలు అతని మొహంలోకి చూసి, మళ్ళీ నెమరులో పడింది.

గురవయ్య మొహంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది గాని, కళ్ళలో లేదు. నాలుగైదు రోజులుగా రెండు మూడు సార్లు పిలిస్తే గాని అవి రాకపోతే, ఎండకేమో అనుకున్నాడు.

"మొదట్లో పాట వినపడినప్పుడల్లా లేచి గేటు కాడికి ఉరికేటియి," అంది రంగమ్మ నెమ్మదిగా. "నేనే కర్ర తీసుకొని వెనక్కి తోలినా. తర్వాత్తర్వాత అయ్యే మానుకున్నయ్. పీడా పోయిందనుకున్నా గాని..."

యల్లయ్య కూడా ఎకసెక్కం మర్చిపోయాడు.

గురవయ్య గది గుమ్మం దగ్గరికొచ్చాడు. "పాపా, ఆ పాటలో నా గొంతు తీసెయ్."

"తీస్తే ఏం మిగులుద్ది నాయనా? వాళ్ళు అడిగిందే అది."

"నేను పిలిస్తే ఆడ నీళ్ళుండాల, లేకుంటే మేతుండాల. ఊరికే పిలవగూడదు. మా నాయన నాకు కర్ర ఇచ్చిన రోజు చెప్పిన మాట ఇదొక్కటే. ఆటకు గూడా నేనెప్పుడూ పిలవలా. నువ్వు నెల నుంచి పిలుస్తుండావు. ఏం పెట్టినావు వాటికి?"

"అవి గొర్రెలు నాయనా! నాలుగు రోజులైతే మళ్ళీ అలవాటు పడతయ్. నా పని కావాలని ఇన్నాళ్ళకు ఒకరు అడిగినారు. ఇది పోతే నన్ను మళ్ళీ పిలిచేటోళ్ళు ఎవరు? గొర్రెల కోసం పోగొట్టుకోమంటావా?"

గురవయ్య గోడకు ఆనించిన కర్ర చేతికి తీసుకున్నాడు. "నిన్ను పిలిచేటోళ్ళు ఇంకొకరు వస్తార్లే. నేను వాటిని ఇప్పుడేమని పిలవాల?"

జవాబు కోసం ఆగలేదు. మందను తోలుకుని వెళ్ళిపోయాడు. సద్ది గిన్నె గూట్లోనే ఉండిపోయింది.

ఎండెక్కేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. చెట్టు మీద ఆకు కదలడం లేదు. జ్యోతి మళ్ళీ పాట పెట్టబోయి, ఎందుకో నొక్కలేకపోయింది. ఆ నిశ్శబ్దం మోత కంటే భయంగా ఉంది. యల్లయ్య ఇంకా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"అక్కా, వానల్లేవు గదా. ఈ తట్టు పచ్చిక యాడుందే?"

"రైలు కట్ట పక్కనే. రోజూ ఆడికే తోలతాడు."

"రైలొచ్చే ముందు ఎట్ల తప్పిస్తాడు వాటిని?"

"ఎట్లేంది, పిలుస్తాడు," అని రంగమ్మ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జ్యోతి సద్ది గిన్నె తీసుకుని పరిగెత్తింది. చెవుల్లో పాట లేకపోయినా అడుగులు ఆ దరువులోనే పడుతున్నాయి. మానుదామన్నా మానడం లేదు.

పలకరాళ్ళ కుప్ప దాటేసరికి కట్ట కనపడింది. మంద మొత్తం పట్టాల మీదా, పట్టాల మధ్యా పచ్చిక కొరుకుతోంది. ఇవతల గురవయ్య నిలబడి పిలుస్తున్నాడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. మళ్ళీ పిలిచాడు. ఒక్కటీ తల ఎత్తలేదు. మలుపు అవతల రైలు కూత వినపడింది.

"నాయనా! వదిలెయ్! నువ్వు పోమాక!"

గురవయ్య కర్ర పారేసి కట్ట ఎక్కాడు. పెద్ద పొట్టేలు కొమ్ములు రెండు చేతులా పట్టుకుని లాగాడు. అది కాళ్ళు తన్నిపెట్టి మొండికేసింది. మలుపులోంచి ఇంజను బయటపడింది. నేల అదిరింది, అచ్చం రేకుల గది అదిరినట్టే. జ్యోతి అరిచింది గాని, ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

గురవయ్య పొట్టేలును వాటేసుకుని కంకర మీదుగా ఇవతలికి దొర్లాడు. దాని వెనకే మంద బిలబిలమంటూ దిగింది. అన్నిటికంటే వెనక ఉన్న సూడి గొర్రె బరువుతో దిగలేకపోయింది.

రైలు పోయింది. గురవయ్య మోచేతులు రెండూ గీరుకుపోయి రక్తం కారుతోంది. జ్యోతి చున్నీ చింపి కట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సూడి గొర్రె పడి ఉన్న వైపే చూస్తూ అన్నాడు.

"నా గొంతు దానికి వినపడింది పాపా. వినపడక కాదు. నమ్మలేదంతే."

జ్యోతి కంకర మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. గురవయ్య తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం అతను గొర్రెలను పిలవలేదు. బకెట్ మోసుకుంటూ ఒక్కొక్కదాని మూతి దగ్గరికే పోయి నీళ్ళు పెట్టాడు. గోడ ఇవతల నిలబడి అది చూసిన జ్యోతి గదిలోకి పోయి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, నాయన గొంతు ఉన్న ప్రతి చోటూ వెతికి తీసేసింది. మధ్యలో ఒకచోట దరువు కూడా ఆగి, వట్టి పిలుపు మాత్రమే వినిపించే జాగా ఉంది. అక్కడేం పెట్టాలో ఆమెకు తోచలేదు. ఖాళీగానే వదిలేసింది. గొంతు తీసేశానని చెబితే కంపెనీ వాళ్ళు ఫోన్‌లో గట్టిగానే వాదించారు. చివరికి, పంపండి చూస్తాం, నచ్చకపోతే మా దారి మాది అన్నారు.

మర్నాడు పొద్దున పంపబోతుండగా గుమ్మంలో గురవయ్య కనపడ్డాడు.

"పంపేముందు నాకూ వినిపియ్యి. ఆ చెవులకు పెట్టుకునేది పెట్టు. వాటికి వినపడొద్దు."

అతను గోడకు ఆనుకుని కూర్చుని మొత్తం విన్నాడు. కాసేపటికి కాలి బొటనవేలు తాళం వేయడం మొదలుపెట్టింది. ఖాళీ జాగా రాగానే వేలు ఆగింది. గొంతు పైకి రాకుండా, పెదాలు మాత్రం కదిలాయి. జ్యోతి మొహం తిప్పుకుంది.

అయిపోయాక హెడ్‌ఫోన్ తీసి కూతురు చేతిలో పెట్టాడు. "మధ్యలో ఒక చోట ఏమీ లేదేందే?"

"అది నీది నాయనా. ఆడ ఇంకేం పెట్టినా అతకడంల్యా."

"ఉండనీలే." గురవయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. "అంతసేపు పరిగెత్తేటోళ్ళు గదా పాపా. గుక్కెడు నీళ్ళు తాగే సందన్నా ఉండాల."