అన్నకు సగం, నాకు సగం

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: వాకిట్లో మంచం మీద బాపు సోమనర్సయ్య, అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్న తల్లి యాదమ్మ, లోపలి గదిలో అన్న సంతోష్, కొత్తగా కాపురానికి వచ్చిన వదిన సింధూజ. పల్లవి కూడా ఉంది. ఎక్కడుందో ఎవరూ చూసుకోలేదు.

ఇంటి వెనక బోరింగు పక్కన నిలబడి ఆమె రజితతో ఫోన్లో మాట్లాడుతోంది. మహదేవపూర్ దగ్గరి ఈ ఊరి బడిలో చదివి, ఈ ఏడే కంప్యూటర్ డిప్లొమాలో చేరిన పిల్ల. క్లాసులో రజితతో తప్ప ఎవరితోనూ నోరు విప్పదు. కాలేజీలో విండోస్ కాకుండా లినక్స్ అనే వేరే సిస్టమ్ నేర్పుతున్నారు. ఇంట్లో ఉన్నది అన్న ల్యాప్‌టాప్ ఒక్కటే. దాని నిండా విండోస్, అన్న ఎరువుల దుకాణం బిల్లులు, పెళ్ళి ఫోటోలు. వాటిని కదపకుండా పక్కనే లినక్స్ కూడా ఎక్కించుకోవచ్చని రజిత చెబుతోంది.

"సమజైంది. అన్నకు సగం, నాకు సగం," అంది పల్లవి మెల్లగా. "పార్టిషన్ అయినంక ఎవలది వాళ్ళదే. జర పైలంగ చెయ్యాలె. తప్పైతే అన్నది మొత్తం పోతది."

నీళ్ళకోసం వచ్చిన యాదమ్మ ఆ మాట విని ఖాళీ బిందెతోనే మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

"ఇన్నవా? నీ బిడ్డ వాటా అడుగుతున్నది! ఇల్లు సగం గావాల్నట. అన్నది మొత్తం పోతదట!"

సోమనర్సయ్య మంచం మీదినుంచి లేచాడు. "పల్లవీ! ఇటు రా. పంపకాలు ఎవలు నేర్పిండ్రే నీకు? నేనింక బతికే ఉన్న గదా!"

కేకకు సంతోష్ బయటికి వచ్చాడు. సంగతి విని మొహం చిన్నబుచ్చుకున్నాడు. "రోజూ నిన్ను బండి మీద బస్సుకాడ దింపేది ఎవలే? నాకే ఎసరు పెడ్తవా?"

పల్లవి ఫోన్ పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. "పార్టిషన్... ల్యాప్‌టాప్‌ల..." అంది, నేలకేసి చూస్తూ.

సంతోష్ వెనకే వచ్చిన సింధూజకు ముందు అర్థమైంది. "అయ్యో అత్తమ్మా, ఇల్లు గాదు! కంప్యూటర్ల జాగ రెండు పాళ్ళు చేస్తరు. దాన్ని పార్టిషన్ అంటరు."

సంతోష్ పగలబడి నవ్వాడు. "అయితే గోడ గట్టెటందుకు మేస్త్రీని పిలువాల్నా?"

"నా పానం తీసినవ్ గదనే," అంటూ సోమనర్సయ్య కూడా భార్యను చూసి నవ్వాడు. అందరూ నవ్వారు. పల్లవి నవ్వలేదు.

"తెచ్చుకో పో. ఈడనే కూసోని చేసుకో," అన్నాడు సంతోష్. "నా ఫోటోలు పోయినయనుకో, నీ సంగతి జెప్త."

"ఈడ చెయ్య. లోపల, తలుపేసుకొని చేస్త."

"పట్టపగలు ఆడపిల్ల తలుపేసుకునుడేందే?" అంది యాదమ్మ.

"ఏసుకునెటందుకు నాకు తలుపేడున్నదవ్వా?"

ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. లోపలి గది అన్న పెళ్ళిదాకా పల్లవిదే. పెళ్ళయ్యాక ఆమె చాప వడ్ల బస్తాల పక్కకు చేరింది. చదువుతుంటే పుస్తకాలు దాటుకుంటూనే అందరూ నడుస్తారు.

"నాకు ఇల్లొద్దు, వాటా వద్దు. ల్యాప్‌టాప్‌ల జరంత జాగ ఉంటే, అండ్లకైనా ఎవలు రారనుకున్న."

సంతోష్ తల గోక్కున్నాడు. సింధూజ లోపలికి వెళ్ళి, బల్ల మీది బట్టలు తీసి ల్యాప్‌టాప్ పెట్టింది.

"రా పల్లవీ. ఈ గది నీదని నాకెవ్వలు జెప్పలే."

పల్లవి ముందు అన్న ఎదుటే ఫోటోలు, బిల్లులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అతని చేతిలో పెట్టింది. తర్వాత పని మొదలుపెట్టింది. అన్నం వేళ దాటింది. యాదమ్మ కంచంతో గడపదాకా వచ్చేసరికి నల్లటి తెర మీద రెండు వరుసలు వెలుగుతున్నాయి.

"గిదేందే?"

"ఆన్ చెయ్యంగనే అన్నది గావాల్నా, నాది గావాల్నా అని అడుగుతది."

"ఏది చెప్పకపోతే?"

"జర సేపు చూసి అన్నదాండ్లకే పోతది. నేనే అట్ల పెట్టిన."

"నీది పెట్టుకోకపోయినవా?"

"నాదెప్పుడు రెండోదే గదవ్వా."

కోపంగా అనలేదు. తెర చూస్తూ, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టే అంది. యాదమ్మ కంచం బల్ల మీద పెట్టింది. బిడ్డ తల మీద చెయ్యి వేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ముందుగాల నీది పెట్టుకో," అంది. "మీ అన్న ఒక మీట నొక్కితే అరిగిపోడు."

పల్లవి కళ్ళలో తెర మసకబారింది. యాదమ్మ గడప దాటి బయటికి అడుగుపెట్టింది.

"సంతోషూ, టీవీ బంద్ చెయ్యి! పిల్ల చదువుకుంటున్నది, ఎవ్వలు లోపలికి పోకుండ్రి." మళ్ళీ లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించింది. "గొళ్ళెం నువ్వే పెట్టుకో బిడ్డా."

అని, బయటినుంచి తలుపు దగ్గరగా లాగి మూసింది.