ఊపిరి వైపు తిరిగేవి

మా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "పరిశోధన" అని గొప్పగా చెబుతుంది. నిజానికి మేం గడ్డిలో తెల్లగుడ్డ ఈడుస్తాం. మంచు ఆరాక, పొద్దున పదింటికి కొండవాలు ఎక్కి, కర్రకి కట్టిన గుడ్డని చెరో కొసా పట్టుకుని లాగుతాం. ఇరవై అడుగులకోసారి ఆగి, గుడ్డ తిరగేసి, దానికి పట్టుకున్న పిడుదుల్ని, అదే గొడ్ల ఒంటికి అంటుకుని రక్తం తాగే పురుగుల్ని, పట్టకారుతో ఏరి సీసాల్లో వేస్తాం. ఇన్నేళ్ళలో నా నడుము పోయింది, ఓపికా పోయింది. దెయ్యాలు చీకట్లోనే వస్తాయని చెప్పేవాళ్ళని చూస్తే నాకిప్పుడు నవ్వు కూడా రాదు. నాకు జరిగింది పట్టపగలే.

మేం అంటే నేనూ, మా చెల్లీ. ఇంట్లో దాన్ని అందరం పిట్ట అంటాం. ఒకే ఆఫీసు, ఒకే గుడ్డ, మధ్యాహ్నం తినే డబ్బా కూడా ఒకటే.

పిడుదు కుట్టి తెచ్చే జ్వరాల్లో పేరున్నవి నాలుగు. వాటికి పరీక్షలున్నాయి, మందులున్నాయి. మిగతా వాటిని మా ల్యాబ్ సారు "ఊరూ పేరూ లేనివి" అంటారు. మా పని వాటికోసమే. గుడ్డ మీద నల్లగా కనిపించేది మట్టో పిడుదో తేలకపోతే దాని మీదికి వంగి మెల్లగా ఊపిరి వదులుతాం. మట్టయితే కదలదు. పిడుదైతే ముందుకాళ్ళు చాపి మనవైపు తిరుగుతుంది. వాటి చూపు అంతంతమాత్రం. ఊపిరి ఎక్కడుందో అక్కడ మనిషో జంతువో ఉందని వాటికి తెలుసు, అంతే.

సాయంత్రం దిగేముందు ఒకళ్ళ ఒళ్ళు ఒకళ్ళు చూసుకోవాలి. మెడ వెనక, చెవుల వెనక, వీపు. ఇది నియమం. ఆ రోజు పిట్ట చొక్కా పైకెత్తి "అక్కా, వీపు చూడవే" అంది. కళ్ళలో వత్తులు వేసుకుని చూడాల్సింది. నాకు కాళ్ళు పీకుతున్నాయి, జీపెక్కి కళ్ళు మూసుకుంటే చాలనిపించింది. చూసీ చూడనట్టు చూసి "ఏం లేదు పద" అన్నాను.

మూడు రోజుల తర్వాత దాని భుజం ఎముక కింద పిడుదు కనిపించింది, రక్తం తాగి పెసరగింజంత అయ్యింది. ఎనిమిదో రోజుకి జ్వరం. పదో రోజుకి పిట్ట ఆసుపత్రి మంచం మీద మనిషిని గుర్తుపట్టని స్థితిలో ఉంది. నాలుగు పరీక్షలూ చేశారు. నాలుగింట్లోనూ ఏమీ లేదు.

"ఆ వాలు మీదవే కావాలి, బతికున్నవి," అన్నారు ల్యాబ్ సారు. "అదేం క్రిమో తెలిస్తే ఏ మందివ్వాలో తెలుస్తుంది. ఎల్లుండి దాటితే నేను చెప్పలేనమ్మా."

ఒంటరిగా వెళ్ళకూడదు. వెళ్ళాను. నేను చేసిన పాపానికి ఇంకొకళ్ళని తోడు రమ్మని ఏ ముఖంతో అడగను?

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. గడ్డి నడుముదాకా పెరిగి తడి మట్టి వాసన వేస్తోంది. కర్ర మధ్యలో తాడు కట్టి నేనొక్కదాన్నే లాగాను. సర్రుమని గుడ్డ చప్పుడు, నా బూట్ల చప్పుడు. అంతే. ఇరవై అడుగులకి ఆగి గుడ్డ తిరగేశాను. పదకొండు. ప్రాణం లేచొచ్చింది.

వంగి ఊపిరి వదిలాను. అన్నీ కాళ్ళు చాపాయి.

నా వైపు కాదు.

పదకొండూ నాకు ఎడమపక్కకి తిరిగి ఉన్నాయి. అటు గడ్డి తప్ప ఏమీ లేదు. ఏ కుందేలో నక్కి ఉందనుకుని కాలితో గడ్డి విడదీసి చూశాను. లేదు. ఏరి సీసాలో వేశాను. సీసాలో కూడా అటే, గాజుకి కాళ్ళు ఆనించి, అటే. సీసా తిప్పాను. అవి మళ్ళీ మెల్లగా అటే తిరిగాయి.

మళ్ళీ తాడు పట్టుకున్నాను. రెండడుగులు వేశాక గుడ్డ తేలికైంది. కర్ర ఎడమ కొస నేలకి తగలడం లేదు... జానెడు పైకి లేచి ఉంది. పిట్ట పట్టుకునేది ఆ కొసే.

గడ్డి నలుగుతున్న చప్పుడు. నా బూట్లు ఆగినా అది ఇంకో అడుగు వేసి ఆగింది.

నా మెడ మీద వెచ్చగా తగిలింది. ఊపిరి... జ్వరం ఊపిరి. ఆసుపత్రిలో దాని మొహం మీదికి వంగినప్పుడు తగిలేదే.

"అక్కా... వీపు చూడవే."

గుసగుస. చెవి పక్కనే. నేను తల తిప్పలేదు. తిప్పాల్సింది. సీసాలు నిండినప్పుడు వాటిని జీపులో పెట్టిరావడానికి నేను దిగేదాన్ని, పిట్ట గుడ్డ దగ్గర ఆగేది. రోజుకి నాలుగుసార్లు దాంతో ఒకటే మాట అనేదాన్ని. భయంలో నా నోటికి అలవాటైన ఆ మాటే వచ్చింది.

"నువ్విక్కడే ఉండు. వస్తా."

కర్ర కొస కిందికి దిగింది. ఆ క్షణమే ఫోన్ మోగింది. అమ్మ.

"పిట్ట లేచి కూచుందే!" అమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఇప్పుడే, కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఒళ్ళు చల్లగా ఉంది. జ్వరం లేదు!"

నేను సీసా పట్టుకుని వాలు దిగి పరిగెత్తాను. వెనక్కి చూడలేదు.

మర్నాడు ల్యాబ్ సారు క్రిమిని పట్టుకున్నారు. దానికి పేరు కూడా లేదు, నంబరే. "మందు మొదలుపెట్టకముందే జ్వరం ఎలా తగ్గిందమ్మా?" అని ఆయన నన్నడిగారు. నాకేం తెలుసన్నాను.

పిట్ట ఇంటికొచ్చింది. తింది, నిద్రపోయింది, మునుపటిలా నన్ను ఆటపట్టించింది. అమ్మ దాని చుట్టూనే తిరిగేది. నెలన్నర తర్వాత మళ్ళీ పనిలో చేరింది. వేరే వాలు మీద మొదటి రోజు, గుడ్డ మీద నల్లచుక్క చూసి వంగి ఊదింది.

"మట్టే అక్కా," అంది.

తర్వాత నేను వంగి ఊదాను. చుక్క కాళ్ళు చాపి నా వైపు తిరిగింది.

ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. నాలుగు రోజులు చూశాను. పిట్ట ఎంత దగ్గరికి వంగినా ఒక్కటీ తిరగలేదు. రోజూ సాయంత్రం దాని వీపు వెతుకుతున్నాను, వేలుతో అంగుళం అంగుళం. ఇంతవరకూ దాని ఒంటి మీదికి ఒక్క పిడుదూ ఎక్కలేదు. "ఇంకా అయిపోలేదా?" అని నవ్వుతుంది. దాని నవ్వు నాకిష్టం. అదే నన్ను చంపుతోంది.

అమ్మకి ఏమని చెప్పను? నీ కూతుర్ని ఆ వాలు మీద ఉండమని చెప్పి వచ్చేశానని చెప్పనా?

ఆఫీసు వాళ్ళు వారానికోసారి మమ్మల్ని మళ్ళీ ఆ వాలుకే పంపుతున్నారు. మొదటి వారం తొమ్మిది పిడుదులు ఎడమపక్కకి తిరిగాయి. తర్వాతి వారం ఆరు. మిగతావి నా వైపే. నిన్న గుడ్డ నిండా ఉన్నాయి, కానీ అటు తిరిగినవి మూడు. నేను మోకాళ్ళ మీద కూచుని ఆ మూడింటినే చూస్తున్నాను. ఇవాళైనా అటు తల తిప్పి, వచ్చానే అని చెప్పాలనుకున్నాను. ఆ మాట గొంతుదాకా వచ్చింది.

పిట్ట నా పక్కకొచ్చి కూచుంది. తర్వాత నా చెవిలో మెల్లగా చెప్పింది.

"అక్కా... అటు చూడకు."

మూడింట్లో ఒకటి కాళ్ళు ముడుచుకుంది. కాసేపటికి రెండోది. మూడోది ఇంకా చాపుకునే ఉంది, వణుకుతూ, ఖాళీ గడ్డి వైపు.

"అమ్మ అన్నం పెట్టుకుని కూచుంటుంది. పద," అంది పిట్ట.

నాకు ఏడుపొచ్చింది. చాలా అలసటగా కూడా ఉంది. అటు చూడకుండానే లేచి, గుడ్డ చుట్టేశాను.