మధ్యాహ్నం మేత

గల్ఫ్‌లో, రిగ్గై అనే పేటలోని ఆ ఇంట్లో మేడమీద చివరి గది రెండు గడ్డం తొండలది. విదేశానికి చదువుకు పోతూ ఆ ఇంటి కొడుకు వాటిని తల్లికి, పనివాళ్లు మామా అని పిలిచే యజమానురాలికి, అప్పగించాడు. పెద్ద గాజు పెట్టె, అడుగున ఇసుక, పగలంతా వెలిగే వేడి బల్బు. డ్రైవర్ శ్రీనివాసులు వారానికోసారి డబ్బా నిండా కీచురాళ్లు తెచ్చేవాడు. రోజూ మధ్యాహ్నం వాటిని పట్టకారుతో ఒక్కొక్కటే అందించడం పనిమనిషి మద్దమ్మ వంతు. చచ్చినవి తొండలు ముట్టవు. పట్టకారులో పురుగు కాళ్లు కొట్టుకునేవి, నాలుక చాచేది తొండ, కరకరమని చిన్న చప్పుడు. అంతే. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి ఏడేళ్లయింది. ఇంతకంటే రోత పనులు చాలానే చేసింది మద్దమ్మ.

జూన్‌లో చెల్లెలు చంద్రిక పచ్చకామెర్లతో పోయింది. తల్లి లేని ఆ పిల్లను మద్దమ్మే ముద్దలు పెట్టి పెంచింది. కడసారి చూపుకు పది రోజులు పంపమని మామా కాళ్లు పట్టుకుంది. తాము వేసవికి టర్కీ పోతున్నామని, తిరిగొచ్చాక చూద్దామని మామా చెప్పింది. చెడ్డ మనిషి కాదు. మద్దమ్మ తల నిమిరి, తనూ కళ్లు తుడుచుకుని మరీ అంది.

"నువ్వు పోతే వీటికి మేత ఎవరు పెడతారు?"

చంద్రికను గుంతలోకి దించడం మద్దమ్మ ఫోన్‌లోనే చూసింది.

మామా వాళ్లు విమానం ఎక్కిన రోజే ఆమె కీచురాళ్ల డబ్బాను మిద్దె మీద ఎండలో పెట్టింది. అరగంటలో అరుపులు ఆగిపోయాయి. తర్వాత గాజు పెట్టె ముందుకొచ్చి, "చావండి" అని మెల్లగా చెప్పి, గది తలుపు వేసేసింది.

ఐదో రోజు తలుపు తీసి చూస్తే తొండలు చావలేదు సరిగదా, పొట్టలు గుండ్రంగా ఉన్నాయి. ఇసుకలో విరిగిన కీచురాళ్ల కాళ్లు. శ్రీనివాసులు జాలిపడి పెడుతున్నాడేమోనని బయట గదికి పోయి అడిగింది.

"నేనెట్ల పెడతానక్కా," అన్నాడతను. "తాళాలు నీ కాడే గదా ఉండేది."

ఆ సాయంత్రం పెట్టె మూత చుట్టూ టేపు అంటించింది.

మరునాడు పన్నెండింటికి దుమ్ము లేచింది. కిటికీ అద్దాలు ఎర్రబడి, ఆ తర్వాత నల్లబడ్డాయి. నట్టనడి పగలు గదిలో బల్బు వెలుగు తప్ప ఏమీ మిగల్లేదు. మట్టి వాసన వచ్చింది. ఎడారి దుమ్ము వాసన కాదది. అప్పుడే తవ్విన తడి మట్టి వాసన...

కీచురాయి అరిచింది.

పెట్టెలో ఒక్కటంటే ఒక్కటి లేదు.

తొండలు రెండూ ఒకేసారి తలలెత్తాయి. పైన ఒకే చోటికి చూస్తూ నోళ్లు తెరిచాయి. కరకర... టేపు వేసింది వేసినట్టే ఉంది. మళ్లీ కరకర...

"దా... తిను నాయనా," అంది ఒక గొంతు.

ఆ గొంతు మద్దమ్మకు తెలియనిదా.

"చంద్రీ..."

తొండలు ఇటు తిరిగాయి. అవి చూస్తున్నది ఆమెను కాదు. ఆమె భుజం పక్కకు. చెవికి చల్లగా ఊపిరి తగిలింది.

"నువ్వు తింటివా అక్కా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచింది...

ఆగస్టు చివర మామా తిరిగొచ్చి, నిగనిగలాడుతున్న తొండలను చూసి మురిసిపోయింది. మద్దమ్మకు ఊరికి టికెట్ తీసిచ్చింది. మద్దమ్మ పెదవులు బిగించి తల మాత్రం ఊపింది. దుమ్ము లేచిన రోజు నుంచీ ఆమె నోట ఒక్క మాట విన్నవాళ్లు లేరు. కీచురాళ్లు తేవాలా అని శ్రీనివాసులు అడిగినప్పుడల్లా వద్దని చేయి ఊపేది. వంటింట్లో బియ్యం సంచి కుట్టు కూడా విప్పకుండా అలాగే ఉంది. మనిషి మాత్రం ఒళ్లు చేసింది.

ఎయిర్‌పోర్టు దారిలో శ్రీనివాసులు రెండుసార్లు కారు పక్కకు ఆపి, సీట్ల కింద అరుస్తున్న కీచురాయి కోసం వెతికాడు. దొరకలేదు. అద్దంలో చూస్తే, వెనక సీట్లో మద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. చూస్తుండగానే ఆమె గుటక వేసింది. అరుపు ఆగిపోయింది.

కాసేపటికి ఇంకొకటి మొదలైంది.