సరంగు పెట్టమన్న గ్రీజు

"నోరు తెరువు," అన్నాడు చీఫ్.

నైన్ నోరు తెరిచాడు. డిపార్ట్‌మెంట్‌లో అతనికి అంతకు మించిన పేరు లేదు. చీఫ్‌కి తెల్లకోటు ఉంది, రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి, పళ్ళ డాక్టర్‌నని చెప్పే బోర్డు కూడా ఉంది. బయట బల్ల మీద నలుగురు నిజమైన పేషెంట్లు చెంపలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళకి వినిపించేలా డ్రిల్లు ఒకసారి రయ్యిమనిపించి, ఆ చప్పుడు చాటున చీఫ్ అసలు సంగతి మొదలెట్టాడు.

గోడ మీద ఎక్స్-రేలు పెట్టే లైటు డబ్బాలో పడవ ఫొటో వెలుగుతోంది. పద్నాలుగడుగుల ఫైబర్ బోటు. వెనక నలభై హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్.

"ఆపరేషన్ పేరు పిప్పిపన్ను. ఈ సాయంత్రం నాలుగింటికి ఈ బోటు హార్బర్ దాటుతుంది. ఎనిమిది మైళ్ళ అవతల ఒక ఓడ దీనికోసం ఆగుతుంది. బోటులో మైక్రోఫిల్మ్. అందులో పరాయి దేశంలో ఉన్న మన ముప్ఫై ఒక్కమంది ఏజెంట్ల పేర్లు, అడ్రసులు."

"ఓడకి చేరితే?"

"ముప్ఫై ఒక్క ఇళ్ళకి నేను సంతాపం ఉత్తరాలు రాయాలి."

"ఒడ్డునే పట్టుకోవచ్చుగా, సర్?"

"షెడ్డు పక్కనే ఫెర్రీ స్టాండు. రెండొందల మంది జనం. వాళ్ళ దగ్గర నాలుగు తుపాకులు. నీళ్ళ మీదైతే ఒక్కటే మనిషి. కోడ్ నేమ్ మైనా. ఫిల్మ్ పట్టుకెళ్ళేదీ, బోటు నడిపేదీ మైనాయే."

"ఎవరీ మైనా?"

చీఫ్ ట్రేలో పనిముట్లు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. "అది నీకు అనవసరం. మన అదృష్టం కొద్దీ ఆ బోటు స్టీరింగ్ కేబుల్ బిగుసుకుపోయింది. చక్రం అంగుళం తిరగట్లేదు. హార్బర్ దాటే పర్మిట్ ఆ బోటుకే ఉంది. మెకానిక్ కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. హార్బర్ మెకానిక్‌ని పొద్దున్నే ఊరు దాటించాం. అతని తమ్ముడివని నువ్వు వెళ్తావు. బాగుచేస్తావు. గ్రీజుకి బదులు ఇది పెడతావు."

తెల్లటి ట్యూబు ఒకటి నైన్ చేతిలో పడింది.

"పళ్ళకి వాడే సిమెంటుకి పెద్దన్న. చూడ్డానికి గ్రీజే. ఉప్పునీరు తగిలిన పావుగంటకి రాయి. బోటు హార్బర్‌కి అలలు తగలకుండా వేసిన రాళ్ళకట్ట చివరికి వెళ్ళేసరికి స్టీరింగ్ మళ్ళీ బిగుసుకుంటుంది. కట్ట వెనక మన లాంచీ చేపల పడవ వేషంలో ఉంటుంది."

"ఫుల్ స్పీడులో స్టీరింగ్ బిగుసుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు, సర్."

"నాకంటే నీకు బాగా తెలుసు," అన్నాడు చీఫ్. "పుక్కిలించి ఉమ్మెయ్."

*

నైన్‌కి నిజంగానే బాగా తెలుసు.

మూడేళ్ళ క్రితం వరకు అతనికి ఒక జోడీ ఉండేవాడు. పడవ నడపడంలో చెయ్యి తిరిగినవాడని అందరూ సరంగు అనేవాళ్ళు. నైన్‌కి ఇంజన్ పని నేర్పింది అతనే. ఏ ఇంజన్ మొరాయించినా దాని పక్కన గొంతుక్కూర్చుని, జ్వరం వచ్చిన కూతుర్ని అడిగినట్టు "ఏమ్మా, ఎక్కడ నొప్పి?" అని అడిగేవాడు.

ఆ రోజు పొద్దున సరంగు గ్రీజు డబ్బా నైన్ వైపు విసిరి, "స్టీరింగ్ కేబుల్‌కి పెట్టెయ్," అన్నాడు. నైన్‌కి బద్ధకమేసింది. ఒక్క రోజుకి కొంపలేం మునగవులే అనుకున్నాడు. గంట తర్వాత సరంగు "పెట్టావా?" అని అడిగితే "పెట్టాను," అన్నాడు.

సాయంత్రం ఛేజింగ్‌లో సరంగు బోటు మలుపు తిరగాల్సిన చోట తిరగలేదు. తిన్నగా వెళ్ళి ఇదే హార్బర్ రాళ్ళకట్టని గుద్దుకుంది. నీలం రంగు ఫైబర్ ముక్కలు దొరికాయి. సరంగు దొరకలేదు. ప్రమాదమని రాసి ఫైలు మూసేశారు. నైన్ సంతకం పెట్టాడు. ఆ అబద్ధం సంగతి ఎవరికీ చెప్పలేదు.

సరంగు భార్యని చూడ్డానికి ఒకే ఒక్కసారి వెళ్ళాడు. ఎన్నో సార్లు చేతులారా అన్నం పెట్టిన మనిషి. ఆమె గుమ్మంలోనే నిలబడి "ఎలా జరిగింది?" అంది. నైన్ తన బూట్ల వైపు చూసుకుంటూ "ప్రమాదం వదినా," అన్నాడు. మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

కానీ సరంగు మాత్రం అతన్ని వదల్లేదు. బస్సులో, లిఫ్టులో, మంగలి కుర్చీలో, ఎక్కడైనా సరే వెనకనుంచి మెల్లగా అడుగుతాడు. "పెట్టావా?" నైన్ తల తిప్పుతాడు. ఎవరూ ఉండరు.

*

మధ్యాహ్నం ఒంటిగంటకి నైన్ చిరిగిన ఖాకీ చొక్కాతో, స్పానర్ల సంచీతో బోటు షెడ్డుకి వచ్చాడు. రేకుల కప్పు కాలిపోతోంది. బోటుని దిమ్మల మీదకి లాగి పెట్టారు. దడి పక్కన నలుగురు పేకాడుతున్నట్టు నటిస్తున్నారు. వాళ్ళ బాస్ సీసా అడుగంత మందం అద్దాలవాడు. అందరూ కళ్ళజోడు అనే పిలుస్తున్నారు.

"మీ అన్న ఏడీ?"

"పన్నునొప్పండీ. ఊళ్ళో లేడు."

"ఎంతసేపు పడుతుంది?"

"ముందు రోగమేంటో చూడాలి కదండీ."

చక్రాన్ని పట్టుకుని తిప్పాడు. గోడని తోసినట్టుంది. వెనక్కి వెళ్ళి, కేబుల్‌ని ఇంజన్‌తో కలిపే లింకు రాడ్డు నట్టు ఊడదీశాడు. ఇప్పుడు ఇంజన్‌ని చేత్తో పక్కకి నెట్టాడు. గుమ్మం తలుపులా హాయిగా అటూ ఇటూ తిరిగింది. అంటే ఇంజన్‌లో దోషం లేదు. కేబుల్ చివర ఉండే ఉక్కు కడ్డీ, ఇంజన్ బిగించినచోట అడ్డంగా ఉన్న గొట్టంలో దూరి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోక గ్రీజు తారులా గట్టిపడి, ఉప్పు చేరి, కడ్డీ లోపలే పట్టేసింది.

సరిగ్గా ఇలాగే. ఆ రోజు కూడా సరిగ్గా ఇలాగే పట్టేసి ఉంటుంది.

అప్పుడు వెనకనుంచి వినిపించింది. "ఏమ్మా, ఎక్కడ నొప్పి?"

స్పానరు చేతిలోంచి జారి టంగుమంది. ఈసారి తల తిప్పితే మనిషి ఉంది. నల్ల కళ్ళద్దాలు, మెడకి పట్టు స్కార్ఫు, ఖరీదైన సెంటు వాసన. పేకాట నలుగురూ లేచి నిలబడ్డారు.

"మైనా మేడం," అన్నాడు కళ్ళజోడు వినయంగా.

ఆమె నల్లద్దాలు తీసింది. వదిన.

ఆమె నైన్‌ని ఎరగనట్టే చూసింది. "ఈ మేస్త్రీ పని నేను చూసుకుంటాను. మీరు ఓడకి వైర్‌లెస్ కొట్టండి. ఆ నలుగుర్ని గేటు దగ్గర పెట్టండి."

వాళ్ళు కదిలి వెళ్ళారు. ఇద్దరే మిగిలారు.

"పని ఆపకు," అంది ఆమె గొంతు తగ్గించి. "వాళ్ళు వైర్‌లెస్ గది కిటికీలోంచి చూస్తుంటారు."

నైన్ మంట చిమ్మే బ్లోల్యాంపు వెలిగించి గొట్టాన్ని వేడి చేయసాగాడు.

"మీరు... వీళ్ళలో ఎప్పట్నుంచి వదినా?"

"రెండున్నరేళ్ళ నుంచి. మీ చీఫ్‌తో కూడా రెండున్నరేళ్ళ నుంచే. నెలనెలా ఇక్కడి కబుర్లు ఆయనకి పంపేదాన్ని. ఆర్నెల్లయింది ఆయన దగ్గర్నుంచి జవాబు లేక. నేను వీళ్ళవైపు పూర్తిగా వాలిపోయానని అనుకుంటున్నట్టున్నాడు. నిన్ను పంపింది నన్ను పైకి పంపడానికేగా?"

చీఫ్ పనిముట్లు రెండుసార్లు ఎందుకు సర్దాడో నైన్‌కి అప్పుడు అర్థమైంది.

"ఇంతకీ మీరెటు?"

"నాకే తెలీదు," అంది ఆమె. "మా ఆయన్ని మీ ఆఫీసే చంపించిందని వీళ్ళు చెప్పారు. ఫైల్లో ప్రమాదమని రాసినా, వీళ్ళే చంపారని మీ చీఫ్ చెప్పాడు. ఎవరిది నిజమో తేల్చుకోవాలంటే రెండిళ్ళలోనూ ఉండాలిగా. రెండున్నరేళ్ళుగా ఒకటే ప్రశ్న, మరిదీ. బాగా నడుస్తున్న పడవ తిన్నగా రాళ్ళ మీదకి ఎందుకు పోయింది? ఎవరు చేశారు?"

నైన్ కడ్డీ చివర చెక్కముక్క ఆనించి సుత్తితో కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకి లోపల ఏదో కిర్రుమని మూలిగింది. కడ్డీ వేలెడు కదిలింది.

*పెట్టావా?*

"ఎవరూ చంపలేదు వదినా," అన్నాడు నైన్. "నేనే."

ఆమె కదల్లేదు.

"ఆ పొద్దున గ్రీజు పెట్టమన్నాడు. పెట్టలేదు. పెట్టావా అని అడిగితే పెట్టానన్నాను. నా మాట నమ్మి ఎక్కాడు. అంతే. ఏ దేశమూ లేదు, ఏ కుట్రా లేదు."

వదిన చేతిలోని నల్లద్దాలు చిట్లాయి.

"మూడేళ్ళు," అంది చివరికి. "ఆ ఒక్క ముక్క గుమ్మంలో నిలబడి నాకు చెప్పుంటే, నేను ఇంట్లో కూర్చుని ఏడ్చుకునేదాన్ని. ఇక్కడ ఉండేదాన్ని కాదు."

నైన్ కడ్డీ బయటికి లాగాడు. గరుకు కాగితంతో తుప్పు రుద్దాడు. ఇనుప చువ్వకి గుడ్డ చుట్టి, కిరసనాయిల్లో ముంచి, గొట్టం లోపల నల్లటి మడ్డంతా వచ్చేదాకా తోమాడు. తర్వాత సంచీలోంచి రెండు తీసి పలక మీద పెట్టాడు. ఒకటి గ్రీజు డబ్బా. ఒకటి తెల్ల ట్యూబు.

"ఇది పెట్టమన్నారు. కట్ట చివరికి వెళ్ళేసరికి రాయి అవుతుంది."

"ఆయన పోయినట్టే నేనూ పోతాను. అంతేగా?"

"నేను పెట్టను వదినా. కానీ ఆ ఫిల్మ్ ఓడకి చేరితే ముప్ఫై ఒక్క ఇళ్ళలో మీలాగే గుమ్మంలో నిలబడి అడుగుతారు."

వదిన ట్యూబు అందుకుని పాత ఆయిల్ డ్రమ్ములో పడేసింది. అది బుడుంగున మునిగింది.

"గ్రీజు పెట్టు," అంది. "నిండుగా పెట్టు."

ఆమె ఏం చేయబోతోందో చెప్పలేదు. అడిగే మొహం అతనికి లేదు. వేళ్ళతో గ్రీజు తీసి కడ్డీ పొడవునా రాశాడు, గొట్టంలో కూరాడు, అన్నీ బిగించాడు. చక్రం ఒంటివేలితో తిరిగింది.

*

మూడున్నరకి కళ్ళజోడు వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు. మైక్రోఫిల్మ్ అందులోనే ఉందని నైన్‌కి అర్థమైంది. చక్రం తిప్పి చూసి తల ఊపాడు.

"బోటు నేనే నడుపుతాను మేడం. మీరు ఫ్లాస్కు పట్టుకోండి. ఏయ్ మేస్త్రీ, నువ్వూ ఎక్కు. దార్లో ఏమైనా అయితే నీ ప్రాణంతోపాటే అవ్వాలి."

బోటు హార్బర్ నీళ్ళని కోసుకుంటూ బయల్దేరింది. కళ్ళజోడు చక్రం దగ్గర, పక్కన వదిన ఒళ్ళో ఫ్లాస్కు, వెనక ఇంజన్ పక్కన నైన్. ఎండ నీళ్ళ మీద అద్దం పెంకుల్లా మెరుస్తోంది. రాళ్ళకట్ట దగ్గరవుతోంది. ఆ రాళ్ళ సందుల్లో ఇప్పటికీ ఒక నీలం రంగు చార ఉంది. వదిన దాన్ని చూసింది. నైన్ చూడలేకపోయాడు.

కట్ట చివరికి రాగానే కళ్ళజోడు మెడ సాచాడు. "ఆ చేపల పడవలో వలలు లేవేం?"

లాంచీని కనిపెట్టేశాడు! చక్రం గబుక్కున తిప్పి, వేగం పెంచే థ్రాటిల్ మీట పూర్తిగా తోశాడు. బోటు ముక్కు పైకి లేచి బయటి సముద్రంవైపు దూకింది. దూరంగా ఓడ గీతలా కనిపిస్తోంది. లాంచీ ఇక అందుకోలేదు.

నైన్ స్పానరు తీశాడు. లింకు నట్టు రెండు చుట్లు తిప్పి, వేళ్ళతో మిగతాది ఊడదీసి, రాడ్డు తప్పించాడు. కళ్ళజోడు చేతిలో చక్రం ఉత్తినే గిర్రున తిరిగింది. నైన్ ఇంజన్‌ని రెండు చేతులా కౌగిలించుకుని పక్కకి లాగాడు. బోటు విరుచుకుపడుతూ కట్టవైపు వెనక్కి తిరిగింది.

"ఒరేయ్!" పిస్తోలు పేలింది. నైన్ భుజంలో నిప్పు దిగింది. చేతులు జారాయి. పట్టుకునేవాడు లేని ఇంజన్ తనిష్టం వచ్చినట్టు ఊగింది. బోటు తిన్నగా రాళ్ళ మీదకి పోతోంది. నలభై గజాలు. ముప్ఫై.

థ్రాటిల్ వదిన చేతికి అందేంత దూరంలో ఉంది.

"వదినా! థ్రాటిల్!"

ఆమె చూపు రాళ్ళ మీద లేదు. నైన్ మీద ఉంది. ఆమె ఏం ఆలోచిస్తోందో నైన్‌కి తెలిసింది. ఒక్క క్షణం చెయ్యి కదపకపోతే చాలు, అన్ని లెక్కలూ ఒకేచోట తేలిపోతాయి. న్యాయమేననిపించింది అతనికి. కళ్ళు మూసుకున్నాడు. ఇరవై గజాలు.

ఇంజన్ గొంతు ఠక్కున ఆగింది.

బోటు ముక్కు నీళ్ళలో గుచ్చుకుంది. కళ్ళజోడు ఎగిరి ముందు అద్దానికి తల బాదుకుని కుప్పకూలాడు. పిస్తోలు సముద్రంలో పడింది. వెనకనుంచి వచ్చిన అల బోటుని మెల్లగా మోసుకెళ్ళి, రాళ్ళకి మూరెడు దూరంలో నిలిపింది. పీతలు పాకుతున్న చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం.

వదిన థ్రాటిల్ మీద చెయ్యి తీయలేదు. రెండో చెయ్యి చాపి, తడిసిన వేళ్ళతో ఆ నీలం చారని తడిమింది. అప్పుడు ఏడ్చింది. నైన్ ఓదార్చడానికి పోలేదు. వెనకనుంచి వచ్చే గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. రాలేదు. రాదని అతనికి నమ్మకమూ లేదు.

లాంచీ వచ్చింది. ఓడ వచ్చినదారినే వెళ్ళిపోయింది. ఫ్లాస్కు ఆఫీసరు చేతిలో పడింది, కళ్ళజోడు చేతులకి బేడీలు పడ్డాయి, నైన్ భుజానికి కట్టు పడింది. కుర్ర ఆఫీసరు అట్టకి ఫారం తగిలించుకుని వచ్చి వదిన ముందు తటపటాయిస్తూ నిలబడ్డాడు.

"వీరి పేరుకి ఎదురుగా ఏం రాయాలి సర్? మనవైపా, శత్రువువైపా?"

వదిన సముద్రం వైపే చూస్తోంది. నైన్ వైపు తిరగలేదు.

"మా వదిన," అన్నాడు నైన్.

ఆఫీసరు ఫారాన్ని పైనుంచి కిందిదాకా వెతికాడు. "ఆ గడి ఇందులో లేదండీ."

"అయితే," అంది వదిన ఇటు తిరక్కుండానే, "ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి."