మొదటి చీపురు

ఆ ఉదయం ఇడ్లీ బండి దగ్గర ఎవరికీ తొందర లేదు. సమాఖ్యకు అధ్యక్షుడు ఎవరో తేలే రోజు అది. కానీ తేల్చే పని మనుషులకు లేదు. చెవి వెనక మొగ్గుపూస ఆ పని ఎప్పుడో ముగించేసింది. చేతులకు పని పోయింది కాబట్టి నోళ్ళు ఆడుతున్నాయి.

"ఆ చిలకమ్మే గనక గెలిసిందనుకో, ఎవుల మరుగుదొడ్డి ఆలే కడుక్కోవాలని సట్టం తెచ్చేత్తాదట," అన్నాడు బండి కూర్మారావు, చట్నీ గరిటె ఊపుతూ.

"నీకెవుడు సెప్పాడు?"

"గాలితెర మీద ఏశారు. మా బావమరిది సూశాడు."

"ఇది విన్నావేటి! అధ్యక్ష భవనంలో పూలమొక్కలు పీకించేసి పందులదొడ్డి కట్టిత్తాదట," అన్నాడు బల్ల మీది ముసలాయన. అందరూ నవ్వారు. అది నిజమని ఎవరూ నమ్మలేదు. అబద్ధమని కూడా ఎవరూ అనలేదు. పుకారు బతకడానికి ఆ మాత్రం సందు చాలు.

బండి పక్కన కాలువలో మట్టి తీస్తున్న ఎర్నమ్మ పార ఆపింది. "ఎవుడిది ఆడు కడుక్కుంటే సెయ్యి అరిగిపోతాదేటి, కూర్మారావు?"

"నీకు కోపమెందుకు ఎర్నమ్మా? సరదాకన్నాం. అయినా అధ్యక్షుడనేవోడు ఏటి సేత్తాడో సెప్పు సూద్దాం. జెండా ఎగరేత్తాడు. దండేయించుకుంటాడు. అందరూ ఒక్క తానులో గుడ్డలే. ఎవుడైతే మన ఇడ్లీకి పిండి రుబ్బుతాడేటి?"

అని, ఆమె ఇడ్లీ పొట్లాన్ని బండి అంచున పెట్టాడు. చేతికివ్వడు. ఆకాశంలో తెరలు వేలాడదీసిన కాలం వచ్చింది గానీ ఆ బండి అంచు మాత్రం జరగలేదు.

ఎర్నమ్మ పొట్లం తీసుకుని, "ఊరు సంగతి నాకు తెల్దు. మా రెల్లివీధి మొగ్గంతా చిలకమ్మదే. దాని పూస చిరునామా కూడా మా వీధిదే, ఇప్పటికీ మార్చుకోనేదు. సాయంత్రం వత్తంది, సూడండి," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయింది.

మొగ్గుపూస ఎందుకొచ్చిందో ఈ తరానికి గుర్తు లేదు. ఒకప్పుడు జనం వరసలో నిలబడి ఓటేసేవారు. ఆ తర్వాత విసుగొచ్చింది. ఎవడొచ్చినా ఇంతే అన్నారు, సెలవు దొరికితే చాలన్నారు. పోలింగు గదుల్లో పావురాలు గుడ్లు పెట్టాయి. అప్పుడు చదువుకున్నవాళ్ళు కొందరు కూర్చుని ఒక సంగతి కనిపెట్టారు: నోరు అబద్ధమాడుతుంది, చెయ్యి అమ్ముడుపోతుంది, నరం మాత్రం రెండూ చెయ్యదు. కందిగింజంత పూస తయారుచేసి అందరి చెవుల వెనకా పొదిగారు. ఎన్నికకు ముందు నెలల్లో ప్రతి అభ్యర్థి ముఖమూ అధ్యక్షపీఠంతో కలిపి రోజూ గాలితెర మీద చూపిస్తారు. ఆ ముఖం చూసినప్పుడు నీ నాడి, ఊపిరి, చెమట ఏమంటున్నాయో పూస చదువుకుంటుంది. హాయిగా ఉంటే మొగ్గు. బిగుసుకుంటే జంకు. రాసుకున్నప్పుడల్లా చెవి వెనక చిన్నగా చురుక్కుమంటుంది, అంతే. జనం సంతోషించారు. లేచి వెళ్ళక్కర్లేదు, తెలుసుకోనక్కర్లేదు, తప్పు తమదనుకోనక్కర్లేదు.

పెద్ద రోడ్లకు ఊడ్పుమరలు వచ్చాయి. సందులకు రాలేదు, సందుల్లో అవి పట్టవు. మనిషి పడతాడు. అందుకే విశాఖ రేవు వెనక రెల్లివీధి అలాగే ఉంది, చీపురూ అలాగే ఉంది.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. సమ్మె కట్టాలంటే ముందు కొళాయిగట్టు దగ్గర అందరూ చేతులు చాపి నిలబడాలి. ఎవరి చెయ్యి ఎక్కువ వణుకుతుందో వాళ్ళే మొదటి చీపురు కింద పెట్టాలి. ధైర్యం ఉన్నవాడు పెడితే అది వాడి గొప్పగా మిగిలిపోతుంది. భయపడ్డవాడే పెట్టేశాక, ఇక ఎవడికీ వెనక్కి తిరగడానికి మొహం ఉండదు. పెద్దలు అలా ఆలోచించారు.

ఒక వాన రోజు మురుగుగొయ్యిలో దిగిన మనిషి పైకి రాలేదు. దాని మీద కట్టిన సమ్మెకు మొదటి చీపురు పెట్టింది బంగారి చిలకమ్మ. అప్పటికి ఆమె ఒట్టి గుంటపిల్ల, చెయ్యి ఆకులా ఆడిపోయింది. రెండోది ఎర్నమ్మ పెట్టింది. ఆ చీపురు దగ్గర మొదలైన చిలకమ్మ సంఘంలోకి, అక్కణ్ణుంచి సభలోకి, ఇప్పుడు ఏకంగా అధ్యక్ష ఎన్నికలోకి నడిచింది. ఎర్నమ్మ వీధిలోనే ఉండిపోయింది. ఈ ఎన్నికకు ఇల్లిల్లూ తిరిగింది ఎర్నమ్మే. "వీధి మాత్రం నీదేనే" అని చిలకమ్మకు మాటిచ్చిందీ ఎర్నమ్మే.

ఎండ ముదురుతుండగా జంక్షన్ మీద గాలితెర వెలిగింది. జయచంద్ర గెలిచాడు.

ఆయన ఎవరు, ఏం చేశాడు అంటే బండి దగ్గర ఒక్కడూ చెప్పలేకపోయాడు. తెల్లటి ముఖం, దువ్విన జుట్టు. చూస్తే ఏమీ అనిపించదు. ఆ ఏమీ అనిపించకపోవడమే దేశమంతా హాయి కింద నమోదైంది.

"పోన్లే, గొడవ లేని మనిషి," అన్నాడు కూర్మారావు.

ఆ తర్వాత వీధులవారీ లెక్కలు నడిచాయి. రెల్లివీధి పేరు వచ్చింది. చిలకమ్మకు ఎదురుగా సున్నా.

ఎర్నమ్మ చదువుకున్నది తక్కువే. కానీ సున్నా చదవడానికి చదువు అక్కర్లేదు. బండి దగ్గర నవ్వు లేచింది. "మీవోలే మీకు ఎయ్యనేదు, ఊరిమీద పడతారేటి?" అన్నాడు ముసలాయన. ఆమె పార భుజాన వేసుకుని వచ్చేసింది.

వీధిలో అప్పటికే కొళాయి దగ్గర తగువు పడింది.

"నువ్వే! తెర మీద దాని బొమ్మ వత్తే లోపలికి ఎల్లిపోయేవోడివి!"

"నాను ముద్ద దిగక ఎల్లాను! నీ పెళ్ళాం సంగతి సెప్పు ముందు!"

"ఛీ, మన జాతికి మనమే సత్రువులం."

గవరయ్య అనే కుర్రకారు పెద్ద, మొన్నటిదాకా జెండాలు కట్టినవాడు, ఎర్నమ్మ ముందుకొచ్చాడు. "అత్తా, నువ్వే కదా ఇల్లిల్లూ తిరిగావు. ఎవుడు ఎన్నుపోటు పొడిసాడో నీకు తెల్దేటి? పేరు సెప్పు. సాయంత్రం ఆవిడొచ్చీలోగా ఆణ్ణి వీధిలోంచి గెంటేద్దాం."

"ఉండండ్రా. అడిగొత్తాను," అంది ఎర్నమ్మ. ఎవరిని అడగాలో ఆమెకు ఒక్కటే తెలుసు.

మొగ్గుల కార్యాలయం చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అధికారిణి పేరు శర్వాణి. మంచి పిల్ల. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తన చేత్తో అందించింది. ఎర్నమ్మ గ్లాసు అందుకుని ఒక క్షణం ఆ చేతినే చూసింది.

"వేరేవాళ్ళ నమోదు చూపించడానికి వీల్లేదండీ," అంది శర్వాణి. "మీది మీకు చూపించగలను."

"నాది ఎందుకమ్మా? నాది నాకు తెల్దా?"

"చూడండి ఒకసారి."

బల్ల మీద చిన్న గాలితెర లేచింది. చిలకమ్మ ముఖం, వెనక అధ్యక్షపీఠం. కింద ఒక గీత.

"ఇక్కడ మీ ఊపిరి ఆగిందండీ. ఇక్కడ అరచేతులు చెమర్చాయి. ఇది మర్నాడు. ఇది ఆ తర్వాత వారం. అన్ని రోజులూ ఒకేలా ఉంది." శర్వాణి గొంతు తగ్గించింది. "జంకు. మీ వీధంతా ఇంతే అనుకుంటా."

అబద్ధమని అరుద్దామనుకుంది ఎర్నమ్మ. కానీ ఆ రోజు గుర్తుకొచ్చింది. గిన్నెలో చద్దన్నం పిసుక్కుంటూ తెర చూస్తోంది. అంత పెద్ద కుర్చీ, దాని పక్కన చిలకమ్మ, ఆ పాత ముక్కుపుడక. దీన్ని బతకనిస్తారా అనిపించింది. దాని వెనకే ఇంకో మాట వచ్చింది, చీకట్లో పిల్లిలా: మనకెందుకే ఈ పీఠాలు? బండి దగ్గర మాట అది. కూర్మారావు నోట్లోది. ఆమె గుండెలోకి ఎప్పుడు దూరిందో తెలీదు.

"అమ్మా, నాను దానికే ఎయ్యాలనుకున్నాను," అంది చివరికి. "భయపడ్డాను గానీ, ఎయ్యాలనే అనుకున్నాను. అది ఇందులో ఎక్కడుంది?"

శర్వాణి గీత మొత్తం వెనక్కీ ముందుకీ జరిపి చూసింది. నిజంగానే వెతికింది పాపం. "ఆ గడి లేదండీ," అంది. "భయమూ, వద్దనుకోవడమూ ఒకటే గడిలో పడతాయి. నరం అబద్ధమాడదని మాకు నేర్పారు."

"ఆడనేదమ్మా. అదే కదా సిగ్గు," అని లేచింది ఎర్నమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వీధి మొదట్లోనే ఆగిపోయింది. ద్రోహి పేరు చెప్పమన్నారు. పేరు దొరికింది. సాయంత్రం చిలకమ్మ వస్తుంది. చిన్నప్పుడు ఒకే సందు చెరో వైపునుంచీ ఊడ్చుకుంటూ మధ్యలో కలుసుకునేవాళ్ళు. దాని ముఖంలోకి ఎలా చూడాలి?

చిలకమ్మ కారులో రాలేదు. ట్రాము దిగి, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచొచ్చింది. జుట్టు ముందువైపంతా నెరిసింది. వీధిలో తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. వెనకనుంచి చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. కొళాయిగట్టు మీద ఎర్నమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏటే, టీ నీళ్ళు కూడా ఇవ్వరేటి ఓడిపోయినోలకి?" అంది చిలకమ్మ, పక్కన చతికిలబడి.

ఎర్నమ్మ తలెత్తలేదు. "చిలకా, అందరూ ఎవుడు ఎవుడు అని కొట్టుకుంటన్నారు. నానేనే. ఆపీసుకెల్లి నా కళ్ళతో సూసొచ్చాను. నీ బొమ్మ కనబడ్డ పెతీసారీ నా పూస జంకు రాసింది. నీకు మాటిచ్చి నానే నిన్ను..."

మాట పూర్తికాలేదు. చిలకమ్మ కొళాయి విప్పి, నీళ్ళు దోసిట పట్టి ముఖం కడుక్కుంది. తీరిగ్గా కొంగుతో తుడుచుకుంది.

"ఎర్నీ, ఆ లెక్కలో ఎంతుంది?"

"సున్నా."

"సున్నా కదా. ఒకటి కూడా అననేదు కదా?"

ఎర్నమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మెల్లగా తలతిప్పి చూసింది. చిలకమ్మ పూస చిరునామా ఈ వీధిదే. పొద్దున్న బండి దగ్గర గొప్పగా చెప్పింది తనే.

"నీది కూడానా?"

"నీకంటే ముందు నాదే." చిలకమ్మ కొళాయి కట్టేసింది. "ఊళ్ళో పెద్దోల సభలకి ఎల్లినప్పుడు అద్దంలో సూసుకుంటే నవ్వొచ్చేది. నువ్వేటి, పీఠమేటి అని. రోజూ భయమే. భయపడుతూనే ఎల్లేదాన్ని. ఎల్లిన సంగతి పూసకి తెల్దు. భయపడ్డ సంగతి తెలిసింది."

ఎర్నమ్మ ఆమె చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. ఒక తలుపు కిర్రుమంది. ఇంకొకటి. గవరయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆడవాళ్ళు కడవలు లేకుండానే కొళాయి దగ్గరకు వచ్చారు. విన్నారు అందరూ. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పొద్దుటినుంచీ వెతుకుతున్న దొంగ ప్రతి ఇంట్లోనూ దొరికాడు.

"మరిప్పుడేటి సేద్దాం అత్తా?" అన్నాడు గవరయ్య చిలకమ్మతో. "ఆడు గెలిసీశాడు కదా."

"గెలవనీ. అది ఆడి అదృట్టం. మన సెయ్యి మనకి తిరిగివ్వమందాం. పాతకాలంలా సేత్తో ఏసే ఓటు పెట్టమందాం."

"పెడతారేటి?"

"అడిగితే పెట్టరు."

ఆ వీధిలో ఆ మాటకు ఒకటే అర్థం, సమ్మె. చేత్తో వేసే ఓటు వచ్చేదాకా సందులు ఊడ్వరు. ఊరు కంపు కొడుతుంది. పనిలోంచి తీసేస్తారు, కేసులు పెడతారు. రేపు బండి దగ్గర ఎన్ని మాటలంటారో ఇవాళే చెప్పొచ్చు. ఒక్కొక్కరే లోపలికెళ్ళి చీపుళ్ళు తెచ్చుకుని గట్టు చుట్టూ నిలబడ్డారు. సాయంత్రపు వెలుగులో చేతులు చాపారు.

చిలకమ్మ చెయ్యి వణికింది. గవరయ్యది కూడా వణికింది, వాడు దాచుకోబోయి మానేశాడు. అందరూ అందరి చేతులూ చూశారు. చివరికి చూపులన్నీ ఒకచోట ఆగాయి.

"నీదేనే ఎర్నీ," అంది చిలకమ్మ నవ్వుతూ. "ఆ యేడు నాకంటే వెనక నిలబడ్డావు. ఇప్పుడు తప్పదు."

"నవ్వకే ముండా," అంది ఎర్నమ్మ.

మెడ కింద చెమట పట్టింది. ఊపిరి బిగిసింది. చెవి వెనక పూస చురుక్కుమంది. జంకు అని రాసుకుని ఉంటుంది.

రాసుకోనీ.

ఎర్నమ్మ వంగి, చీపురు కింద పెట్టింది.