అడగకుండా ఇచ్చేసిన గ్రైండర్

"ఇచ్చేశానంటే ఇచ్చేశాను. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావే?" రైహాన్ చేతుల పిండి దులుపుకుంది. "పై అంతస్తు కుల్యాష్ దాన్ని చేతిలోకి తీసుకుని, ఎంత ముద్దుగా ఉందో అంది. ఇంటికొచ్చిన మనిషి నోట ఆ మాట వచ్చాక, తిరిగి కిటికీ గట్టు మీద పెట్టుకుంటే మర్యాదేనా?"

"అది నీది కాదమ్మా, నాది!"

"ఒకే ఇంట్లో నీదీ నాదీ ఏమిటి?"

మూకుట్లో బౌర్సాక్ పిండి ఉండలు పొంగి నూనెలో దొర్లుతున్నాయి. తోగ్జాన్ ఇంకా కోటు కూడా విప్పలేదు. ఉదయం ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కిటికీ గట్టు మీదే ఉంది గ్రైండర్. ఇప్పుడక్కడ ఉల్లిపాయల బుట్ట ఉంది.

చలికాలమంతా వెతికి వెతికి కొనుక్కుందది. ఇంట్లో ఉన్న పాతది బ్లేడు తిరిగే రకం. కాఫీ గింజల్ని నరికేదే గానీ నూరేది కాదు. కొంత పిండి, కొంత రవ్వ, కొంత బెడ్డలు. కాచిన కాఫీ ఒకే కప్పులో చేదుగానూ ఉండేది, పుల్లగానూ ఉండేది. మిగతావాళ్ళందరూ పాలు పోసిన టీ తాగే ఇల్లు కాబట్టి ఆ బాధ ఆమె ఒక్కదానిదే. రెండు పళ్ళ చక్రాల మధ్య గింజని సమంగా నలిపే గ్రైండర్, తన జీతానికి అందేది, మోత లేనిది కావాలి. పై అంతస్తు ఎల్డోస్‌కి కూడా కాఫీ పిచ్చే. మంచులో బస్సు కోసం నిలబడి ఇద్దరూ రోజూ దాని మీదే పోట్లాడుకునేవాళ్ళు. ఆమె చేత్తో తిప్పేది అంటే, అతను ఎలక్ట్రిక్‌ది అనేవాడు. ఆమె ఉక్కు చక్రాలంటే, అతను పింగాణీవి అనేవాడు. చివరికి ఆమె తన మాటే నెగ్గించుకుని, ఉక్కు చక్రాల చేతి గ్రైండర్ తెచ్చుకుంది. వారమైనా కాలేదు.

"అతిథి మెచ్చింది అతిథిదే." హీటరు పక్కన కూర్చున్న నాయనమ్మ, అందరూ అజే అని పిలిచే పెద్దావిడ, తీర్పు చెప్పేసింది. "మా అత్తగారు ఒంటి మీద కోటే విప్పి ఇచ్చింది."

"ఆవిడ తన కోటు ఇచ్చింది అజే. మీ కోటు ఇవ్వలేదు!"

"నోరు చూడు!" రైహాన్ గరిటె ఎత్తింది. "శనివారం అబ్బాయివాళ్ళు సంబంధం ఖాయం చేసే చెవిపోగులు పట్టుకుని వస్తున్నారు. కాబోయే అత్తగారి ముందు కూడా ఇలాగే అరుస్తావా?"

తోగ్జాన్ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. అది అరుపు కన్నా ఘోరంగా ఉంది.

"అదేగా నేనూ అనేది. ఆ అబ్బాయిని నేను ఒక్కసారి చూశాను. అవునన్నానా, కాదన్నానా? ఎవరూ అడగలేదు. ఎవరో వచ్చి ముద్దుగా ఉందంటే గ్రైండర్ ఇచ్చేశారు. శనివారం ఇంకెవరో వచ్చి ముద్దుగా ఉందంటే నన్నిచ్చేస్తారు."

టీ తాగుతున్న తండ్రి జుమాబెక్ గిన్నెను కింద పెట్టాడు. తోగ్జాన్ వెనక తలుపు దడాలున పడింది.

పై అంతస్తులో తలుపు తీసింది ఎల్డోస్ తల్లి కుల్యాషే. తీస్తూనే గట్టిగా తుమ్మింది.

"రా తల్లీ! మీ అమ్మది వెన్న లాంటి మనసు. ఇంత మంచి మిరియాల మిల్లు నా జన్మలో చూడలేదు!"

మిరియాల ఘాటు తోగ్జాన్ ముక్కులో కంటే ముందు గుండెలో దిగింది. వంటగదిలో, బల్ల మీద, ఆమె గ్రైండర్. దాని చుట్టూ నల్లటి పొడి. పక్కన ఇప్పుడే పని నుంచి వచ్చిన ఎల్డోస్, శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

"అది కాఫీది కుల్యాష్ ఆపా!" అంది తోగ్జాన్. ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. "కాఫీ గింజలది!"

"అయ్యో." కుల్యాష్ బుగ్గలు నొక్కుకుంది. "నీదా? మీ అమ్మ చెప్పలేదే! ఇప్పుడెలా? తిరిగిస్తే మీ అమ్మ నా మొహం చూడదు. పోనీ, పద్ధతి ఉందిగా, ఇచ్చినవాళ్ళు బదులు ఒకటి అడగొచ్చు. ఏం కావాలో అడుగు, లేదనను. ఇదొక్కటీ తప్ప."

"నాకు ఇదే కావాలి!"

"అదే కుదరదమ్మా. ఇచ్చింది తిరిగి అడక్కూడదు."

తోగ్జాన్ గ్రైండర్ని అందుకుని మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. కనీసం శుభ్రమైనా చెయ్యాలి. వెనకాలే ఎల్డోస్ చిన్న బ్రష్ పట్టుకుని వచ్చి, ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"కడిగేద్దామా?"

"నీళ్ళు తగిలితే తుప్పు పడుతుంది. ఆ మాత్రం తెలీదూ?" ఆమె మర విప్పి చక్రాల్ని బయటికి తీసింది. పళ్ళ సందుల నిండా మిరియాలే. "నవ్వకు!"

"నవ్వట్లేదు, తుమ్ము ఆపుకుంటున్నా."

"అను. ఎలక్ట్రిక్‌ది కొని ఉంటే ఎవరూ ఎత్తుకుపోయేవాళ్ళు కాదని అను. చలికాలమంతా అదేగా నీ పాట!"

"అనను. తక్కువ ధరలో చేతిదే నయమని నాకు తెలుసు." బ్రష్ మీద చూపు నిలిపి అన్నాడు. "పెట్టిన డబ్బంతా చక్రాల్లోకే పోతుంది, మోటారులోకి పోదు. మొదటి రోజు నుంచీ తెలుసు."

"తెలిసి వాదించావా?"

"నేను ఒప్పుకుంటే నువ్వు కొనేసేదానివి. కొనేశాక బస్టాపులో నాతో ఏం మాట్లాడతావు?"

తోగ్జాన్ అతని వంక చూసింది. ముక్కు మీద మిరియాల పొడి, ఎర్రబడ్డ చెవులు.

"అంటే..." ఆమె లేచి నిలబడింది. "నీ కబుర్ల కోసం చలికాలమంతా నాతో ఆ దిక్కుమాలిన కాఫీ తాగించావా?"

"ఊఁ."

"సిగ్గు లేదూ?"

"ఉంది. అందుకే శనివారం సంగతి విని కూడా ఊరుకున్నా. నువ్వు ఒప్పుకున్నావని మీ అమ్మ మెట్ల మీద అందరికీ చెప్తోంది."

"నన్నెవరడిగారని ఒప్పుకోవడానికి!"

ఎల్డోస్ కూడా లేచాడు. ఒక మెట్టు కింద ఉండటంతో ఇద్దరి కళ్ళూ సరిగ్గా ఎదురయ్యాయి.

"నేనడుగుతున్నా తోగ్జాన్. నన్ను చేసుకుంటావా? కాదన్నా సరే, ఈ చక్రాలు శుభ్రం చేసే ఇస్తాను."

కిటికీ బయట చూరు నుంచి మార్చి మంచు కరిగి చుక్కలుగా పడుతోంది. కోపం ఇంకా తగ్గలేదు. కానీ అది ఇప్పుడు అతని మీద కాదని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"మీ అమ్మ లోపలే ఉందా?" అని అడిగి, చక్రాలు అతని చేతిలో పెట్టి, తలుపు తోసుకుని వెళ్ళింది.

కిందికి దిగేసరికి అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. తోగ్జాన్ కోటు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కెటిల్ దగ్గర కూర్చుంది. అజేకి, నాన్నకి, అమ్మకి వరుసగా టీ పోసింది.

"అడిగి తెచ్చావా ఆ గ్రైండర్?" రైహాన్ బిగుసుకుపోయి అడిగింది. "పరువు తీశావా?"

"లేదమ్మా. అది ఆవిడదే. బదులు ఏదైనా అడగమంటే వేరేది అడిగాను."

"అలా ఉండాలి." అజే గొంతులో మెప్పు. "ఏమడిగావు, ఆ రాగి టీ సమోవారా?"

"ఎల్డోస్‌ని."

రైహాన్ చేతిలోని బౌర్సాక్ పళ్ళెంలో పడింది. అజే మాత్రం గిన్నెలోకి ఊదుకుని ఒక గుక్క తాగింది.

"ఇస్తానందా?"

"ముందు అతన్ని అడిగింది. తర్వాత నన్ను అడిగింది. ఇద్దరం సరేనన్నాం."

"వాళ్ళు నైమన్ తెగవాళ్ళు కదూ?"

"అవునజే."

"మనం అర్గిన్లం. ఏడు తరాలు వెనక్కి లెక్క పెట్టినా రక్తసంబంధం లేదు, పెళ్ళికి అడ్డు లేదు." అజే కోడలి వైపు చూసింది. రైహాన్ నోరు తెరిచింది. కూతురి మొహం చూసి మూసుకుంది.

"నేను అరవట్లేదమ్మా," అంది తోగ్జాన్, నిజంగానే అరవకుండా. "ఎల్డోస్‌ని చేసుకుంటున్నాను, అంతే. శనివారం వాళ్ళని రావద్దని చెప్పాలి. నాన్నా, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

జుమాబెక్ మిగిలిన టీ తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"నేనే చెప్తాలే," అంటూ ఫోన్ కోసం లేచాడు.